ఒక అల్మారాలో రెండు రకాలు

నవంబరు, రెండో గురువారం, ఉదయం. మస్కట్ పక్కన, సీబ్ దాటాక ఉన్న షూటింగ్ క్లబ్, ఆయుధాల గది.

హాజరైనవారు: క్లబ్ మేనేజరు, ఒమానీ. ఆయుధాలు అమ్మే కంపెనీ పంపిన టెక్నీషియన్, జగిత్యాల వైపు మనిషి. ఆయుధాల గదిలో హెల్పర్, కడప జిల్లావాడు. నేను.

బల్ల మీద: మొదటి రకం పిస్టల్ ఒకటి, దాని తర్వాత వచ్చిన రెండో రకం ఒకటి, ఈ ఏడాది వచ్చిన కొత్త పొట్టి రకం ఒకటి. డమ్మీ తూటాలు ఒక పెట్టె. అసలు తూటాలు గదిలో లేవు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలైంది. ఎవరున్నారో ముందు రాయడం, ఏం జరిగిందో తర్వాత రాయడం మిలిటరీ వర్క్‌షాపులో మా హవల్దారు నేర్పిన పద్ధతి. ఏం జరిగిందంటే నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు, ఎవరున్నారన్న దాంట్లో మాత్రం అబద్ధం ఆడటం కష్టం అనేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. నేను అలాగే రాస్తున్నాను. ఈమధ్య ఆ రాయడం కూడా అలసటగానే ఉంటోంది. రాయకపోతే నిద్ర పట్టదు కాబట్టి రాస్తాను, అంతే.

ఆ క్లబ్బులో ఆయుధాల మెకానిక్‌గా చాలా ఏళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట మానేశాను. మోకాళ్లు కాంక్రీటు నేల మీద నిలబడనంటున్నాయి. ఇంటికి వెళ్లిపోకుండా ఇక్కడ మబేలాలోనే ఉండిపోవడానికి కారణం నా భార్య. ఆవిడ ఇక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ సర్వీసు ఇంకా ఉంది. నా బతాకా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, ఇప్పుడు ఆవిడ వీసా మీద ఆధారపడి నడుస్తోంది. పొద్దున్నే ఆవిడ స్కూలు బస్సు ఎక్కుతుంది, నేను కుక్కర్ పెడతాను.

సోమవారం మేనేజరు ఫోన్ చేశాడు. అతనికి హిందీ బాగా వచ్చు, నాతో ఎప్పుడూ అదే మాట్లాడతాడు. కొత్త రకం పిస్టల్ వచ్చిందనీ, పాతవాటిలో సగం తీసేసి సగం కొత్తవి కొనాలని అనుకుంటున్నారనీ, పాత రెండు రకాలూ పెట్టెలోంచి బయటికి వచ్చిన రోజు నుంచీ నా చేతిలో తిరిగినవి కాబట్టి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఒక పేజీ రాసివ్వమనీ అడిగాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ హెల్పర్ సంగతి గుర్తు రాలేదు.

కొత్త పిస్టళ్లతో పాటు మరమ్మతు, శుభ్రం చేయడం కూడా అమ్మిన కంపెనీయే చూసుకుంటుంది. వాళ్ల టెక్నీషియన్ వారానికోసారి వచ్చిపోతాడు. అప్పుడు క్లబ్బు హెల్పర్‌ను ఉంచుకుంటుందన్న నమ్మకం లేదు. అతని బతాకా గడువు వచ్చే నెలతో అయిపోతుంది. రెన్యూ చేయకపోతే విమానం ఎక్కాల్సిందే.

అతను ఎక్కితే భార్య ఇక్కడ ఉండిపోతుంది. ఆమె అల్ మవాలేలో ఒక ఇంట్లో వంట చేస్తుంది, ఉండటం కూడా ఆ ఇంట్లోనే. ఇద్దరివీ వేరువేరు యజమానుల వీసాలు. మొదట ఆమె వచ్చింది, నాలుగేళ్లు ఎదురుచూసి అతను ఆమె ఉన్న దేశానికే పని వెతుక్కుని వచ్చాడు. కడపలో కరెంటు మోటార్లు బాగుచేసుకునేవాడు, తుపాకీ మొహం ఎరగడు. వాళ్లిద్దరికీ కలిసి ఉండేది శుక్రవారం పూట. ఆమెకు ఆ రోజు మధ్యాహ్నం దాకా సెలవు. అతను ఉండేది ఆరుగురు మగవాళ్ల రూమ్. కూర్చోవడానికి చోటు లేక మొదట్లో పార్కులో బెంచీ మీద కూర్చునేవాళ్లట. ఒకసారి ఎండాకాలంలో నా భార్య చూసి ఇంటికి తీసుకొచ్చింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం వాళ్లు మా ఇంటికి వస్తారు, అందరం టిఫిన్ తింటాం, తర్వాత నేనూ నా భార్యా సంచి తీసుకుని మార్కెట్‌కు బయల్దేరతాం. వంకాయలు ఏరడానికి అంత సేపు పడుతుందని పెళ్లైన ఇన్నేళ్లలో నాకు తెలియదు.

గురువారం క్లబ్ వ్యాను నన్ను తీసుకెళ్లింది. ఆయుధాల గదిలోకి అడుగుపెట్టగానే నూనె వాసన ముక్కుకు తగిలింది. హెల్పర్ బల్ల మీద పచ్చ గుడ్డ పరిచి, మూడింటినీ వరసగా పెట్టి, మూతులన్నీ ఇసుక డ్రమ్ము వైపు తిప్పి ఉంచాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పరీక్ష తనకే అన్నట్టు.

"కూర్చో సార్," అని కుర్చీ తుడిచాడు. "మోకాలు ఎట్లుండాది?"

"అట్లాగే ఉంది."

టెక్నీషియన్ అప్పటికే అక్కడున్నాడు. నలభై దాటినవాడు, సరదా మనిషి. చేతిలో కంపెనీ బ్యాగు. "సార్, మీ గురించి ఇన్న. పాతదాన్ని కండ్లు మూసుకుని ఇప్పుతరట," అన్నాడు.

"ఇప్పుడు కళ్లు తెరిచినా సరిగ్గా కనపడదు," అన్నాను.

మేనేజరు కిటికీ దగ్గర నిలబడి, కానివ్వమన్నట్టు తల ఊపాడు.

మొదటి రకం చేతిలోకి తీసుకున్నాను. మొత్తం ఇనుము. చెయ్యి దాని బరువును మరచిపోలేదు, మణికట్టు మాత్రం మరచిపోయినట్టుంది, కాసేపటికే లాగింది. నల్లపూత అంచుల్లో అరిగి తెల్లగా మెరుస్తోంది. సముద్రపు గాలికి ఈ పూత నిలవదు. ఒక వారం తుడవకపోతే చెమట పొక్కుల్లాగా తుప్పు లేస్తుంది. గురి చూసే గాడి సన్నం. నా కళ్లకు ఆ గాడీ, ముందు ముక్కూ కలిసిపోయి ఒకే మసకలా కనిపించాయి.

రెండో రకం దాని కొడుకే. అదే కొలత, దాదాపు అదే బరువు. గాడి కొంచెం వెడల్పు చేశారు, సేఫ్టీ మీటను రెండు వైపులా పెట్టారు, పిడికి రబ్బరు తొడిగారు. ఆ రబ్బరు మస్కట్ ఎండకు జిగురు కారేది. ప్రతి వేసవిలోనూ మేము దాన్ని తిట్టుకుంటూ గీకేవాళ్లం.

తర్వాత కొత్తది. దాన్ని ఎత్తగానే, అందులో ఏదో తప్పు దొరికితే బాగుండునని అనుకుంటున్నానని నాకే తెలిసింది. దొరకలేదు. గొట్టం పొట్టి, పిడి పొట్టి. బరువు తక్కువ, ఆ తక్కువ బరువు కూడా చేతి మధ్యలో సరిగ్గా కూర్చుంది. పాతవాటి స్లైడ్, అంటే వెనక్కి లాగే పైభాగం, లాగాలంటే ఈమధ్య నేను పళ్లు బిగించాల్సి వస్తోంది. దీన్ని మాత్రం డబ్బా మూత తీసినంత తేలిగ్గా లాగాను. గురి దగ్గర తెల్ల చుక్కలు, అద్దాలు లేకపోయినా కనిపించాయి. పూత మీద ఉప్పునీళ్లు చల్లి నెల రోజులు వదిలేసినా ఏమీ కాలేదని టెక్నీషియన్ చెప్పాడు, ఫోటోలు చూపించాడు. ట్రిగ్గర్ సన్నగా, ఎక్కడా గరగర లేకుండా వచ్చింది. పొట్టిది కాబట్టి పేల్చినప్పుడు చేతిని ఎక్కువ తంతుందన్నది ఒకటే కొరత. అదీ అలవాటైతే పోతుంది.

ఒక్కొక్కటీ పైకే చెప్పి రాసుకుంటున్నాను. నేను మంచిదన్న ప్రతిసారీ హెల్పర్ "బాగుండాది సార్, నిజమే" అంటున్నాడు. అతను ఊరుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"చూసినవా కడపన్నా," అన్నాడు టెక్నీషియన్. "నీ పాతది గొడ్డలి లెక్క. ఇది చాకు లెక్క."

"గొడ్డలి చెడిపోయిందని యాడన్నా వింటివా తమ్ముడూ?"

"చెడిపోదు. అందుకే కదా నువ్వు కూసుని తుడుసుకుంటున్నవ్."

"తుడిస్తేనే చెడిపోకుండా ఉండేది."

"ఇది తుడువకున్నా చెడిపోదు."

"అట్లయితే నువ్వు వారం వారం వచ్చి ఏం చేస్తావు? దాని మొగం చూసి పోతావా?"

మేనేజరుకు తెలుగు రాదు. అయినా ఇద్దరి గొంతులు విని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. టెక్నీషియన్ కూడా నవ్వి, "నా పొట్ట మీద కొట్టకు అన్నా," అన్నాడు. అతని మాటకు హెల్పర్ నవ్వలేదు. గుడ్డ అంచు సరిచేశాడు.

ఇక మిగిలింది తిరిగి తీసుకునే పని. క్లబ్బులో సభ్యుడు పేల్చడం అయ్యాక పిస్టల్‌ను కౌంటర్ మీద పెడతాడు, హెల్పర్ దాన్ని ఖాళీ చేసి అల్మారాలో పెడతాడు. దీనికి వరస ఉంది. పిడిలోంచి మ్యాగజైన్, అంటే తూటాలుండే డబ్బా, బయటికి తీయాలి. స్లైడ్ వెనక్కి లాగి, గొట్టం మొదట్లో తూటా మిగిలి ఉందేమో చూడాలి. ఆ తర్వాత ఇసుక డ్రమ్ము వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కాలి.

పాత రెండు రకాల్లోనూ ఒక ఏర్పాటు ఉంది. మ్యాగజైన్ బయటికి తీస్తే ట్రిగ్గర్ చచ్చిపోతుంది. లోపల తూటా మిగిలి ఉన్నా పేలదు. నొక్కి చూడటం ఎందుకంటే ఆ ఏర్పాటు పనిచేస్తోందా లేదా అని రోజూ తెలుసుకోవడానికి. అలా వేలసార్లు నొక్కగా నొక్కగా క్లబ్బులో వరస మెల్లగా మారిపోయింది. మ్యాగజైన్ తీయడం, నొక్కడం, ఆ తర్వాత తెరిచి చూడటం. పేలదని తెలిసినప్పుడు ఏది ముందైతే ఏమిటి? ఎవరూ మార్చలేదు, ఎవరూ గమనించలేదు. హెల్పర్ అయితే నొక్కి, ట్రిగ్గర్ కదలకపోతే "నిద్రపోయింది" అంటాడు. సభ్యుల్లో కొందరు ఒమానీలకు కూడా ఆ మాట వచ్చు.

కొత్త రకంలో ఆ ఏర్పాటు తీసేశారు. ట్రిగ్గర్ సాఫీగా రావాలంటే అది అడ్డమట. మ్యాగజైన్ బయట ఉన్నా, లోపల తూటా ఉంటే ఇది పేలుతుంది. టెక్నీషియన్ ఆ సంగతి పొద్దున్నే అందరికీ చెప్పాడు. హెల్పర్ విన్నాడు, అర్థమైందన్నాడు కూడా.

టెక్నీషియన్ మూడింటిలోనూ డమ్మీ తూటాలు పెట్టి, స్లైడ్ లాగి, సభ్యుడిలాగా ఒక్కొక్కటీ కౌంటర్ మీద పెట్టాడు. హెల్పర్ మొదటిది అందుకున్నాడు. మ్యాగజైన్ తీశాడు, డ్రమ్ము వైపు నొక్కాడు. "నిద్రపోయింది." తెరిచి డమ్మీ తీశాడు. రెండోదీ అంతే. "నిద్రపోయింది." మూడోది కొత్తది. మ్యాగజైన్ తీశాడు, డ్రమ్ము వైపు పెట్టాడు, నొక్కాడు.

టక్ మంది. పిస్టల్ లోపలి సుత్తి పడింది.

"అన్నా," అన్నాడు టెక్నీషియన్, "డ్రమ్ముల ఇసుక సచ్చిపోయింది."

హెల్పర్ కూడా ముందు నవ్వాడు. తర్వాత మేనేజరు మొహం చూసి ఆపేశాడు. పిస్టల్‌ను గుడ్డ మీద పెట్టి, రెండు చేతులూ బల్ల కిందికి దించేసుకున్నాడు.

మేనేజరు గొంతు పెంచే మనిషి కాదు. నా దగ్గరికి వచ్చి హిందీలో మెల్లగా, "ఇంకో రోజైతే అది అసలు తూటా. ఇతన్ని కొత్తవాటి దగ్గరికి రానివ్వలేను," అన్నాడు. హెల్పర్‌కూ హిందీ వచ్చు. మెల్లగా చెప్పినా అతనికి వినపడింది.

నేను కుర్చీలోంచి లేచాను. లేవడానికి కొంత సేపు పట్టింది. "ఒక మనిషి మీద చేసింది పరీక్ష కాదు," అన్నాను. "మీరూ చేయండి. పాతదీ కొత్తదీ మార్చి మార్చి ఇస్తాం."

"నేనా?"

"సభ్యులు ఎక్కువున్న రోజు మీరూ కౌంటర్ దగ్గర నిలబడతారు కదా."

అతను చొక్కా చేతులు మడిచాడు. కుర్రతనం నుంచి ఈ పిస్టళ్లతో పెరిగినవాడు, చేతులు సునాయాసంగా కదులుతాయి. పాతది, కొత్తది, పాతది, కొత్తది. కొత్తది వచ్చిన ప్రతిసారీ ఒక క్షణం ఆగి, ముందు తెరిచి చూసి, తర్వాతే నొక్కాడు. తప్పు చేయలేదు. టెక్నీషియన్ నా వైపు చూశాడు. నేను ఇంకా ఇవ్వమన్నాను. ఫ్లాస్కులోంచి టీ పోయించాను. మాటల్లో పెట్టాను. వాళ్ల ఊళ్లో ఖర్జూరాలు ఈసారి ఎలా కాశాయని అడిగాను. పాతది, పాతది, కొత్తది. అప్పుడూ తప్పు చేయలేదు.

అప్పుడు అతని ఫోన్ మోగింది. అమ్మ. చేపలేవో తీసుకురమ్మంటోంది, ఏ చేపలన్న దగ్గర వాదన నడుస్తోంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కౌంటర్ మీద ఉన్నది అందుకున్నాడు. మ్యాగజైన్ తీశాడు, డ్రమ్ము వైపు నొక్కాడు.

టక్.

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఉండమ్మా," అని అరబ్బీలో అని ఫోన్ దించాడు. చేతిలోని కొత్త పిస్టల్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

హెల్పర్ తొందరగా నా వైపు తిరిగి, "ఫోన్ వచ్చింది గదా సార్, అందుకే," అన్నాడు. తన తప్పుకు చెప్పుకోని సాకును అతని కోసం చెప్పాడు. మేనేజరు పిస్టల్‌ను గుడ్డ మీద పెట్టాడు. చొక్కా చేతులు కిందికి దించి బొత్తాలు పెట్టుకున్నాడు.

"మీరు కావాలనే చేయించిన్రు సార్," అన్నాడు టెక్నీషియన్ తెలుగులో, కోపం లేకుండా.

"అవును."

"నేనైతే అట్ల నొక్క. నేను పాతదాంతోని ఎన్నడూ పని చెయ్యలే."

"అదే నేను రాయబోయేది," అన్నాను.

సాయంత్రానికల్లా పేజీ ఫోన్‌లో పంపమని మేనేజరు అడిగాడు. రాత్రికి పైవాళ్లతో మాట్లాడాలట. పిస్టళ్లన్నీ అల్మారాలో పెట్టి, నేనూ మేనేజరూ చూసి, తాళం వేశాం. ఆ తాళం చప్పుడు విన్నాక నా ఒంట్లో మిగిలిన శక్తి కూడా పోయినట్టయింది.

వ్యానులో హెల్పర్ నాతో పాటు మబేలా దాకా వచ్చాడు. అతని రూమ్ కూడా అటే. రోడ్డు పక్క పైపులు వేసే కుర్రాళ్లు నెత్తికి తువ్వాళ్లు చుట్టుకుని కూర్చున్నారు. పేజీలో ఏం రాస్తావని అడుగుతాడని నేను ఎదురుచూస్తున్నాను. అడగలేదు.

"రేపు టీచరక్క ఇంట్లోనే ఉంటాది గదా సార్?" అన్నాడు.

"ఉంటుంది."

"మా ఇంటామెకు ఏం చెప్పలేదు సార్ నేను. బతాకా సంగతి."

"ఎప్పుడు చెబుతావు?"

"తెలిసినాక. ఇంగా ఏం తెలిసిందని?" చూపుడువేలు చూసుకుంటూ అన్నాడు, "ఆ టక్కుమనేది ఇంగా చెవుల్లోనే ఉండాది. నేను నొక్కింది కూడా నాకు తెల్దు సార్. వేలే నొక్కింది."

"మేనేజరు వేలూ అంతే కదా."

"ఆయప్పకు ఎవురు బతాకా అడుగుతారు సార్," అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. కిటికీ వైపు తిరిగాడు.

ఇంటికొచ్చి, పెరుగన్నం తిని, బల్ల దగ్గర కూర్చున్నాను. పాతవే ఉంచుకోండి అని రాయవచ్చు. అమ్ముతున్న కంపెనీ తప్ప ఎవరూ నన్ను ప్రశ్నించరు. కానీ పాతదానికంటే కొత్తది మంచిది. గురి కనిపించేదాన్ని కనిపించదని, తేలిగ్గా లాగేదాన్ని కష్టమని ఎలా రాయను? పోనీ, వాళ్లనుకున్నట్టు సగం సగం అని రాస్తే, ఏదో ఒక రోజు ఎవరి వేలో నొక్కుతుంది. ఆ రోజు లోపల ఉండేది డమ్మీ కాదు. అన్నీ కొత్తవే కొనండి అని రాస్తే హెల్పర్ పని పోయినట్టే. ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది.

నా భార్య స్కూలు నుంచి వచ్చి, సంగతి విని, నేను రాసింది చదివింది. అందులో ఉన్నది ఇంతే. కొత్త రకం దాదాపు అన్ని విధాలా మంచిది. పాతదీ కొత్తదీ ఒక అల్మారాలో ఉండకూడదు. పాతదానికి అలవాటైన చెయ్యి కొత్తదాన్ని కూడా పాతదే అనుకుంటుంది, అది ఆ మనిషి తప్పు కాదు, ఈ రోజు ఇద్దరి చేతులతో చూశాం. ఏదో ఒకటే ఉంచండి. ఏదని నన్నడిగితే, కొత్తది. కొత్తది వస్తే అందరికీ, మేనేజరుతో సహా, మళ్లీ మొదటినుంచి నేర్పాలి. హెల్పర్ గురించి విడిగా ఒక మాట రాశాను: ఇన్నేళ్లలో అతని చేతి కింద ఒక్క పిస్టల్‌కూ తుప్పు పట్టలేదు.

"చివరి మాట సరే. 'నన్నడిగితే కొత్తది' అన్నది తప్పనిసరిగా ఉండాలా?" అంది.

"అడిగారు కదా."

"రేపు ఆ పిల్ల ఎదురుగా కూర్చుని దోసె ఎలా తింటారు?"

పేజీ మళ్లీ ఒకసారి చదివాను. ఆ మాట తీసేయలేదు. పంపేశాను. పంపాక ఫోన్‌ను బోర్లించి పెట్టి, చాలాసేపు బల్ల దగ్గరే కూర్చున్నాను. ఇలాంటి పేజీలు ఉద్యోగంలో ఉండగా ఎన్నో రాశాను. అప్పుడు రాసి లేచి వెళ్లిపోయేవాణ్ని.

మర్నాడు శుక్రవారం. ఉదయం టాక్సీ దిగి హెల్పర్ భార్య ఒక్కతే ముందు వచ్చింది. ఎప్పుడూ ఆమే ముందు వస్తుంది, వచ్చి చెప్పకుండానే వంటింట్లోకి వెళుతుంది. వాళ్ల యజమానురాలు ఇచ్చిన ఖర్జూరాలు గిన్నెలో పోసి, "టీచరక్కా, చట్నీకి పప్పులు వేయించినావా?" అంటూ మిక్సీ దగ్గర నిలబడింది. నా భార్య నా వైపు చూడటం లేదు.

మొదటి దోసె పెనం మీద ఉండగా మేనేజరు ఫోన్ చేశాడు. నేను బాల్కనీలోకి వెళ్లాను.

"నువ్వు రాసినట్టే అయింది," అన్నాడు. "సగం సగం వద్దన్నారు. అన్నీ కొత్తవే. పాతవన్నీ పోలీసులకు అప్పగించేస్తాం."

"మంచిది," అన్నాను. "హెల్పర్?"

"దాని గురించే చేశాను. పాతవాటిని ఊరికే పెట్టెలో వేసి ఇస్తే తీసుకోరు. ఒక్కొక్కటీ విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, కాగితం చుట్టి, చీటీ కట్టి ఇవ్వాలి. అల్మారాలు నిండా ఉన్నాయి, నీకు తెలుసు. కంపెనీ టెక్నీషియన్‌ను అడిగితే తన కాంట్రాక్టులో పాతవి లేవన్నాడు. తుప్పు లేకుండా ఉంచిన మనిషే ఆ పనీ చేయాలని చెప్పాను. బతాకా ఒక ఏడాదికి రెన్యూ చేయమన్నారు. పాతవి అయిపోతే అతని పనీ ఖలాస్. కొత్తవాటిని మాత్రం ముట్టుకోకూడదు."

"ఆ మాట అతనితో మీరు చెబుతారా, నేను చెప్పనా?"

"నువ్వే చెప్పు. నేను అమ్మకు చేపలు తీసుకెళ్లాలి, నిన్న తప్పు చేపలు తీసుకెళ్లాను."

నేను లోపలికి వచ్చేసరికి హెల్పర్ గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. నా చేతిలో ఫోన్ చూసి అక్కడే నిలబడిపోయాడు. కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. వీల్లేకపోయింది. మేనేజరు ఏం చెప్పాడో ఏదీ మినహాయించకుండా, అదే వరసలో చెప్పాను. కొత్తవే కావాలని నేనే రాశానని కూడా చెప్పాను.

అతను విన్నాడు. "కొత్తది మంచిదే గదా సార్," అన్నాడు. తర్వాత గోడకు ఆనుకున్నాడు. "ఒక ఏడాది."

వంటింట్లో మిక్సీ ఆగింది. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏంది ఏడాది? ఏం బతాకా?" అంది. ఇంతకాలం దాచిన సంగతి అతను చెప్పుకొచ్చాడు. పాత పిస్టళ్లు, కొత్త పిస్టళ్లు, గ్రీజు, కాగితాలు, అన్నీ. ఆమె మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు. దోసె మాడిన వాసన వస్తే నా భార్య వెళ్లి స్టవ్ కట్టేసింది.

"అవన్నీ తుడవడం అయిపోతే నిన్ను పంపిచ్చేస్తారు. అంతేనా?" అంది ఆమె చివరికి.

"అంతే."

"ఎన్ని ఉండాయి?"

"రెండు అల్మారాలు."

ఆమె ఆలోచించింది. పెదవుల మీదికి నవ్వు లాంటిది వచ్చి ఆగిపోయింది.

"అయితే మెల్లగా తుడువు. తొందరేముండాది," అని వంటింట్లోకి వెళ్లింది.

నా భార్య గోడకున్న సంచి తీసింది. ఆ రోజు టిఫిన్ తినకుండానే మార్కెట్‌కు బయల్దేరాం.